గల్ఫ్ పాటకు వీడియో ఎలా తీయాలి? జానపద వీడియోల అలవాటును పాటించాలా, విడవాలా?

ప్రశ్న: జగిత్యాల పాటల బృందం

అందరికీ నమస్కారం. మేము జగిత్యాల జిల్లాకు చెందిన నలుగురు మిత్రులం. రెండేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని రాసుకున్న ఐదు పాటలను ఈ వేసవిలో రికార్డు చేయించాము. వాటిలో నాలుగింటి గురించి మాకు పెద్దగా సందేహం లేదు. ఒకటి జాతర పాట, ఒకటి నాట్లు వేసేటప్పుడు పాడుకునేది, మిగిలిన రెండూ బావామరదళ్ల పాటలు. డప్పు, జమిడిక, పిల్లనగ్రోవి ఉన్న ఈ నాలుగింటికీ యూట్యూబులో జానపద గీతాల వీడియోలు ఎలా ఉంటాయో అలాగే తీద్దామనుకున్నాము.

చిక్కంతా ఐదో పాట దగ్గర వచ్చింది. దుబాయికి వెళ్లిన కొడుకు మూడేళ్లయినా సెలవు దొరక్క ఇంటికి రాలేకపోతే, వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తూ తల్లి తనలో తాను పాడుకునే పాట అది. పాడినది మాలో ఒకరి తల్లి. ఆమె ముప్పై ఏళ్లుగా బీడీలు చేస్తున్నారు. స్టూడియోలో మైకు ముందు నిలబెట్టి పాడమంటే ఆమెకు గొంతు పెగలలేదు. నేల మీద చాప పరిచి, చాట, తునికాకు, కత్తెర ముందు పెట్టిన తర్వాత పాట దానంతట అదే వచ్చింది. ఒక్క ఏక్‌తార తప్ప వేరే వాద్యం లేదు. పాట మధ్యలో కత్తెర ఆకును కత్తిరించే చప్పుడు వినిపిస్తుంది, దానిని మేము తీసివేయలేదు. నిడివి ఏడు నిమిషాలకు కొంచెం తక్కువ.

మేము సంప్రదించిన వీడియోగ్రాఫరు పాట విని, బాగుందని చెప్పి, అయితే జంట లేని జానపద వీడియోను ఎవరూ చూడరని అన్నారు. కొడుకుకు కొత్తగా పెళ్లైనట్టు చూపించి, చెరువు కట్ట మీద, పొలం గట్ల మీద ఆ జంట మీద రెండు చరణాలు తీసి, విమానాశ్రయంలో వీడ్కోలు పెట్టి, డ్రోన్ షాట్‌తో ముగించాలని ఆయన సలహా. పాటను నాలుగు నిమిషాలకు కుదించమని కూడా చెప్పారు. ఆయన చెప్పిన ఖర్చు మా ఐదు పాటల రికార్డింగు ఖర్చు కంటే ఎక్కువ. డబ్బు సంగతి అటుంచితే, ఆ మాటలు విన్నప్పటి నుంచి మా నలుగురిలోనే ఏకాభిప్రాయం లేదు. అలవాటుపడిన పద్ధతిని వదిలేస్తే పాట ఎవరికీ చేరకుండా పోతుందని ఇద్దరి భయం, పద్ధతిని పాటిస్తే పాట పాటగా మిగలదని మిగతా ఇద్దరి బాధ.

పాట మాటలు తెర మీద కనిపించే సినిమా లిరికల్ వీడియోల్లో చేస్తున్నట్టు పాడేవారినే చూపిస్తే సరిపోతుందా? ఐదు పాటలనూ ఒక్కసారిగా, ఒకే వీడియోలో వరుసగా వచ్చే జూక్‌బాక్సుగా విడుదల చేయాలా, ఒక్కొక్కటిగానా? ఈ రంగంలో పనిచేసినవారు, పాటలను శ్రద్ధగా వినేవారు మీ అనుభవం చెప్పగలరు.

సమాధానం: ఎడిటింగ్ బల్ల, హైదరాబాద్

నేను ఎనిమిదేళ్లుగా లిరికల్ వీడియోలు, పాటల ప్రోమోలు ఎడిట్ చేస్తున్నాను. మీ చివరి ప్రశ్నల్లో మొదటిదానికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే లిరికల్ వీడియో అంటే ఏమిటో, అది ఆ రూపంలో ఎందుకు ఉంటుందో తెలిస్తే మీ పాటకు ఏది పనికివస్తుందో, ఏది పనికిరాదో మీకే తెలుస్తుంది.

సినిమా విడుదలకు కొన్ని నెలల ముందే పాట జనంలోకి వెళ్లాలి. అప్పటికి ఆ పాట చిత్రీకరణ పూర్తయి ఉండకపోవచ్చు, పూర్తయినా ఆ దృశ్యాలను థియేటరు కోసం దాచుకోవాలి. పాటను వినిపించాలి, దృశ్యాన్ని మాత్రం చూపించకూడదు అనే ఈ ఇరకాటంలోంచి పుట్టినదే లిరికల్ వీడియో. హీరో స్టిల్స్, కదిలే అక్షరాలు, రికార్డింగు గదిలో సంగీత దర్శకుడు నవ్వుతున్న రెండు ముక్కలు, నృత్యం నుంచి కొన్ని సెకన్ల హుక్ స్టెప్, అంటే జనం అనుకరించే అడుగు, అనే పద్ధతి స్థిరపడటానికి కారణం అదే. మా బల్ల మీదకు వచ్చే సరుకు కూడా అంతే ఉంటుంది. ఇవ్వకూడని దృశ్యాలు ఏవో ముందే చెప్పి, మిగిలిన పదిహేను ఇరవై స్టిల్స్‌తో నాలుగు నిమిషాలు నింపమంటారు. ఆ నాలుగు నిమిషాలలో కనిపించే సౌందర్యమంతా ఆ కొరత నేర్పినదే.

2019 సెప్టెంబరులో వచ్చిన 'సామజవరగమన' లిరికల్ వీడియో ఈ కొరతను వేరే దారిలో దాటింది. అందులో సిద్ శ్రీరామ్ వాద్యబృందంతో కలిసి కెమెరా ముందు పాడుతూ కనిపించారు. 'అల వైకుంఠపురములో' సినిమా 2020 సంక్రాంతికి గానీ రాలేదు కాబట్టి, ఆ మధ్యకాలమంతా చాలామందికి ఆ పాట అంటే గుర్తుకు వచ్చిన ముఖం గాయకుడిదే. నేపథ్య గాయకుడు అన్న మాటలోనే ఆయన వెనక ఉండాలన్న నియమం ఉంది, ఆ వీడియో దానిని కొన్ని నెలలపాటు తలకిందులు చేసింది. అది ఫలించడానికి కారణం ఆ పాట నడక. సిరివెన్నెల గారి మాటలు, తమన్ గారి బాణీ గొంతులోని గమకాల మీద ఆధారపడి సాగుతాయి, ఆ గమకం ఎక్కడ పుడుతోందో చూడాలని వినేవారికి అనిపిస్తుంది. అంటే అక్కడ అలవాటును తప్పమని అడిగింది పాటే.

దీనికి మంచి నిదర్శనం 'ఆర్ఆర్ఆర్' సినిమాలోనే ఉంది. 2021 ఆగస్టు 1న, స్నేహితుల దినోత్సవం నాడు, 'దోస్తీ' పాటను ఐదు భాషల్లో విడుదల చేశారు. హేమచంద్ర, అనిరుధ్, విజయ్ యేసుదాస్, అమిత్ త్రివేది, యాజిన్ నిజార్ అనే ఐదుగురు గాయకులు ఆ వీడియోలో కనిపిస్తారు, కథానాయకులిద్దరూ చివరలో మాత్రమే వస్తారు. అదే ఏడాది నవంబరులో 'నాటు నాటు' వచ్చినప్పుడు మాత్రం ఆ పద్ధతిని అనుసరించలేదు. అది కాళ్లలో బతికే పాట కాబట్టి ఇద్దరు హీరోలు కలిసి వేసే ఆ అడుగును కాస్త చూపించారు, దేశమంతా దానిని అనుకరించింది. ఒకే సినిమా, ఒకే సంగీత దర్శకుడు, మూడు నెలల తేడా, రెండు వేర్వేరు పద్ధతులు. కాబట్టి అలవాటును పాటించాలా, విడవాలా అన్న ప్రశ్నను మొత్తం ఆల్బమ్‌కు కలిపి అడగవద్దు. పాటకు పాట విడిగా అడగండి.

మీ గల్ఫ్ పాట విషయానికి వస్తే, ఆ తల్లిని చూపించడం సరైనదే, కానీ స్టూడియోలో చూపించవద్దు. చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు మైకు, వెనక నీలం వెలుతురు ఒకప్పుడు కొత్తగా ఉండేవి, ఇప్పుడు కవర్ సాంగ్ చేసే ప్రతి ఒక్కరి వీడియోలో అవే ఉన్నాయి. పైగా ఆ గది ఆమెకు గొంతు పెగలనీయలేదని మీరే రాశారు. ఆమె పాడగలిగిన చోటే తీయండి.

ఇంకొక మాట తప్పక చెప్పాలి. పాట మాటలను తెర మీద వేయదలిస్తే దయచేసి తెలుగు లిపిలో వేయండి. మన లిరికల్ వీడియోల్లో చాలావాటిలో తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కనిపిస్తాయి. దానికి కారణాలు నాకు తెలుసు. ఇతర రాష్ట్రాల ప్రేక్షకులు, అమెరికాలో పుట్టిన మన పిల్లలు కూడా చదవగలగాలని నిర్మాతలు కోరుకుంటారు, అది అర్థం చేసుకోదగిన కోరికే. కానీ ఆ అక్షరాల్లో 'కల' అన్నా 'కళ' అన్నా 'కాల' అన్నా ఒకే స్పెల్లింగు అవుతుంది. కవి ఏ మాటను ఎంచుకున్నాడో చెప్పడానికే పుట్టిన వీడియో ఆ ఒక్క సంగతినే చెప్పలేకపోవడం నాకు ప్రతిసారీ బాధ కలిగిస్తుంది. తెలుగులో వేసినప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం. యానిమేషన్‌లో అక్షరాలను విడివిడిగా కదిలిస్తే ఒత్తు ఒకవైపు, గుడి మరొకవైపు ఎగిరిపోతాయి. పదాన్ని పదంగానే కదిలించమని మీ ఎడిటరుకు చెప్పండి. నేను ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు ఒక పాటలో 'తల్లి' ఒత్తు పోయి 'తలి' అయింది. వీడియో బయటకు వెళ్లిన తర్వాత రచయిత ఫోన్ చేసి, కోపగించకుండా, ఆ మాట మీదే ఆ చరణం నిలబడిందని మెల్లగా చెప్పారు. ఆ రోజు నుంచి ప్రతి పదాన్నీ గట్టిగా చదివిన తర్వాతే ఫైలు పంపుతున్నాను.

సమాధానం: ఓరుగల్లు శ్రోత

ఎడిటింగ్ బల్ల గారు చెప్పినదానిలో చాలావరకు నాకు సమ్మతమే. అయితే మీ వీడియోగ్రాఫరు చెప్పిన మాటను అంత తేలికగా తోసిపుచ్చవద్దని నా మనవి. జానపద వీడియోల అలవాట్లన్నీ వ్యాపారం కోసం పుట్టినవి కావు. వాటిలో కొన్నిటి వెనక పాట స్వభావమే ఉంది.

'బుల్లెట్టు బండి' పాటను తీసుకోండి. 2021లో మోహన భోగరాజు పాడిన ఆ ప్రైవేటు పాట అత్తారింటికి వెళ్లబోయే అమ్మాయి తన మనసులోని మాట చెప్పుకునే పాట. వీడియో కూడా మనం ఎరిగిన పద్ధతిలోనే ఉంటుంది. అది ఊరూరా మోగింది మాత్రం ఆ వీడియో వల్ల కాదు. మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లి బరాత్‌లో పెళ్లికూతురు ఆ పాటకు వరుడి ఎదుట ఆడిన దృశ్యం ఫోన్లలో తిరిగిన తర్వాతే ఆ పాట అందరి నోటా పలికింది. జానపద గీతం వినడానికి మాత్రమే కాదు, ఇంకొకరు దానిని తమ ఒంటి మీదకు తెచ్చుకోవడానికి కూడా. అందుకే వీడియోలో ఎవరైనా అనుకరించగలిగే అడుగు పెడతారు, అందుకే జంట ఉంటుంది. మీ బావామరదళ్ల పాటలకు ఆ పద్ధతి నూటికి నూరుపాళ్లు తగినది, అక్కడ కొత్తదనం కోసం వెతకనవసరం లేదు.

అలాగే డ్రోన్ షాట్ సంగతి. ప్రతి ఏడాది దసరాకు ముందు వచ్చే బతుకమ్మ పాటల వీడియోల్లో చాలావాటిలో పైనుంచి తీసిన దృశ్యం ఉంటుంది. చూసి చూసి విసుగెత్తిందనే వారున్నారు. నాకు మాత్రం అది ఎంతో నిజాయితీ గల దృశ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే బతుకమ్మ ఆట వలయం, ఆ వలయం పూర్తిగా కనిపించేది పైనుంచి మాత్రమే. మధ్యలో పూల గోపురాలు, చుట్టూ తిరిగే ఆడబిడ్డలు, వంగి లేచే చేతులు నేల మీద నిలబడితే సగమే కనిపిస్తాయి. కానీ వాకిట్లో ఒంటరిగా కూర్చున్న తల్లిని ఆకాశం నుంచి చూడవలసిన అవసరం ఏముంది? ఆమె చేతివేళ్లు కనిపించేంత దగ్గరగా వెళ్లవలసిన పాట అది. ఒక పాటలో అవసరమైనది ఇంకొక పాటలో అలంకారమైపోతుంది, అప్పుడే అది బరువవుతుంది.

ఇక పాడేవారే తెర మీద కనిపించడం గురించి. సినిమాకు అది కొత్త కావచ్చు కానీ మన పాటకు కొత్త కాదు. గద్దర్ గొంగడి భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి, చేతిలో కర్ర పట్టుకుని వేదిక మీదకు వస్తే, పాట మొదలుకాకముందే జనానికి అది ఏ పాటో తెలిసిపోయేది. 'మా భూమి' సినిమాలో 'బండెనక బండి గట్టి' పాటకు కూడా ఆయనే తెర మీద కనిపించి పాడారు. తెలంగాణ ఉద్యమకాలపు ధూంధాం వేదికల మీద, ఒగ్గుకథలో, బుర్రకథలో పాట ఎవరి గొంతులోంచి వస్తోందో జనం చూస్తూనే వింటారు. ఆ ముఖాన్ని దాచిపెట్టడం సినిమా తెచ్చిన అలవాటు. 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట వచ్చినప్పుడు, పెద్ద హీరో పాట కిన్నెర మొగులయ్య గొంతుతో, ఆయన పన్నెండు మెట్ల కిన్నెరతో మొదలవడం చూసి మా ఇంట్లో అందరం ఒక్క క్షణం మాట్లాడలేకపోయాము. ఆ మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అక్కడ జరిగింది కొత్త పద్ధతి కనిపెట్టడం కాదు, మనదైన పాత పద్ధతికి తిరిగి చోటు ఇవ్వడం.

మీ పాటకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ 'బలగం' చివర ఉంది. 2023లో వచ్చిన ఆ సినిమా ముగింపులో బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ చనిపోయిన పెద్దమనిషి గురించి పాడతారు. ఆ చోట జంట పాట లేదు, నృత్యం లేదు, అందమైన ప్రదేశం లేదు. పాడేవారు, వినేవారు, ఏడ్చేవారు మాత్రమే ఉన్నారు. ఊళ్లలో తెరలు కట్టి ఆ సినిమాను అందరూ కలిసి చూశారు, ఆ చోటికి వచ్చేసరికి కంటతడి పెట్టని వారు తక్కువ. మీ జిల్లాకు పక్కనే ఉన్న సిరిసిల్ల ప్రాంతపు కథ అది. జంట లేకపోతే చూడరన్న మాటకు మీ పక్క ఊళ్లే జవాబు చెప్పాయని మీ వీడియోగ్రాఫరుకు గుర్తుచేయండి.

ఒక్క విన్నపం. పాటను నాలుగు నిమిషాలకు కోయవద్దు. శోకం పాడేటప్పుడు మన ఆడవాళ్లు ఒకే మాటను మళ్లీ మళ్లీ తిప్పి పాడతారు, వినేవారి గుండె కరిగేది ఆ తిప్పడంలోనే.

సమాధానం: క్యాసెట్ల కాలం, విజయవాడ

నేను మీ అందరికంటే వయసులో పెద్దవాడిని కావచ్చు. బీసెంటు రోడ్డులో క్యాసెట్ల దుకాణాల ముందు నిలబడి పాటలు విన్న రోజుల నుంచి ఒక సంగతి చెబుతాను.

ఆ రోజుల్లో దుకాణంలో గోడ పొడవునా క్యాసెట్లు పేర్చి ఉండేవి. పది అడుగుల దూరం నుంచే ఏది ఏమిటో తెలిసేది. దేవుడి బొమ్మ, ఒక మూలన గాయకుడి చిన్న ఫోటో ఉంటే భక్తిగీతాలు. హీరో ముఖం అట్టంతా నిండి ఉంటే సినిమా పాటలు, గాయకుల పేర్లు లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉండేవి. పొలం, ఎడ్లబండి ఉంటే పల్లెపాటలు. అట్ట చేసే పని కొనేవాడికి దారి చూపించడం, దుకాణదారుకు ఏ అరలో పెట్టాలో చెప్పడం. ఇప్పుడు అదే పనిని యూట్యూబులో థంబ్‌నెయిల్, అంటే వీడియో తెరవకముందు కనిపించే చిన్న బొమ్మ, చేస్తోంది. కాబట్టి అలవాటును విడవడం అంటే ఏ అరలోనూ ఇమడకుండా ఉండటానికి సిద్ధపడటం అని మీరు ముందే తెలుసుకోవాలి. చేయవద్దని చెప్పడం లేదు. దాని మూల్యం తెలిసి చేయమంటున్నాను.

అలవాటు తప్పినది ఎంత త్వరగా అలవాటుగా మారుతుందో కూడా నేను చూశాను. 2011 నవంబరులో 'వై దిస్ కొలవెరి డి' వచ్చినప్పుడు, రికార్డింగు గదిలో మామూలు బట్టల్లో నిలబడి ధనుష్ ఆడుతూ పాడుతూ ఉంటే, అది పాట ప్రచారంలా కాక స్నేహితుల మధ్య గడిచిన ఒక సాయంత్రంలా కనిపించింది. దేశం దానిని ప్రేమించింది కూడా అందుకే. ఆ తర్వాత ఎన్ని పాటలకు అలాంటి 'మేకింగ్' దృశ్యాలు వచ్చాయో లెక్కలేదు, వాటిలో ఎక్కువభాగం ముందే రిహార్సల్ చేసి తీసినవే. సహజత్వానికి కూడా ఒక యూనిఫారం వచ్చేసింది.

మీ పాట గురించి చదివినప్పుడు నాకు గుర్తుకు వచ్చినది మన పాట కాదు, అమెరికాకు చెందిన ఒక వృద్ధ గాయకుడి వీడియో. జానీ క్యాష్ అనే కంట్రీ సంగీతకారుడు తన డెబ్బై ఏళ్ల వయసులో 'హర్ట్' అనే పాట పాడారు. అది ఆయన పాట కాదు, నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బృందం 1994లో చేసిన కరకు రాక్ పాట. 2003లో వచ్చిన ఆ వీడియోకు దర్శకుడు మార్క్ రోమనెక్. కంట్రీ పాటల వీడియోల్లో పొలాలు, ట్రక్కులు, టోపీలు ఉంటాయి, కరకు రాక్ వీడియోల్లో చీకటి, యంత్రాలు ఉంటాయి. ఇందులో ఆ రెండూ లేవు. టెనెసీ రాష్ట్రంలోని తన ఇంట్లో ఆ పెద్దాయన గిటారు పట్టుకుని కూర్చుని ఉంటారు, ఎదురుగా బల్ల మీద ఆహారం పరచి ఉంటుంది, చేతులు వణుకుతుంటాయి. మూతపడి పాడైపోయిన ఆయన మ్యూజియం మధ్యమధ్య కనిపిస్తుంది. ఒకచోట ఆయన భార్య జూన్ మెట్ల మీద నిలబడి ఆయనను చూస్తుంటారు. ఆ చూపు కోసమే నేను ఆ వీడియోను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఆమె ఆ ఏడాది మే నెలలో, ఆయన సెప్టెంబరులో కన్నుమూశారు.

ఆ వీడియోలో కూడా గతం చూపించారు. అయితే నటులను పెట్టి ఆయన యౌవనాన్ని కల్పించలేదు, ఆయనవే పాత చిత్రాలు, పాత రీళ్లు వాడారు. మీ వీడియోగ్రాఫరు అడిగిన ఫ్లాష్‌బ్యాక్ తప్పు కాదు. కల్పించిన ఫ్లాష్‌బ్యాక్ మాత్రం ఆ తల్లి గొంతు ముందు నిలబడదు. కొడుకు వదిలి వెళ్లిన వస్తువులు ఇంట్లో ఏవో ఉండే ఉంటాయి. వాటిని చూపించండి.

విడుదల గురించి రెండు మాటలు. 2013 డిసెంబరులో అమెరికా గాయని బియాన్సే ఏ ప్రకటనా లేకుండా 14 పాటలు, 17 వీడియోలు ఉన్న ఆల్బమ్‌ను ఒకేసారి విడుదల చేశారు, అది ప్రచారమనే పద్ధతినే పక్కన పెట్టిన సంఘటన. కానీ ఆ మౌనం పనిచేసింది ఆమె పేరు ప్రపంచానికి అప్పటికే తెలుసు కాబట్టి. మీరు మౌనంగా విడుదల చేస్తే ఎవరికీ తెలియకపోవచ్చు. అందువల్ల జాతర పాటను జాతరల రోజుల్లో, నాట్ల పాటను వానాకాలంలో ఒక్కొక్కటిగా వదలండి. అన్నీ వచ్చిన తర్వాత జూక్‌బాక్సుగా మళ్లీ పెట్టండి, క్యాసెట్‌లో ఎ వైపు, బి వైపు ఏ పాట తర్వాత ఏ పాట రావాలో ఆలోచించినట్టే ఆ వరుసను ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: జగిత్యాల పాటల బృందం

మీ ముగ్గురికీ మా నలుగురి తరఫున నమస్కారాలు. మీ సమాధానాలను ఆ తల్లి దగ్గర కూర్చుని చదివి వినిపించాము. జానీ క్యాష్ భార్య చూపు గురించి రాసిన చోట ఆమె బీడీ చుట్టడం ఆపి మళ్లీ చదవమన్నారు.

వస్తువుల గురించి అడిగితే ఆమె లోపలి నుంచి తెచ్చి చూపించినవి మాకెవరికీ తట్టనివి. గల్ఫ్‌లో ఉన్న ఆమె కొడుకు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన అట్టపెట్టె ఇంకా ఉంది, దాని మీద లావు పెన్నుతో అతని పేరు, ఊరి పేరు రాసి ఉన్నాయి, కట్టిన తాడు కూడా అలాగే ఉంది. అందులో ఇప్పుడు ఆమె బీడీ ఆకు పెట్టుకుంటున్నారు, తడి తగలకుండా ఉంటుందట. ఇంకొకటి ఒక పాత ఫోను. కొడుకు ఐఎంఓ అనే యాప్‌లో కాల్ చేసేది దానికే. రాత్రి పనయ్యాక చేస్తాడు కాబట్టి మా లెక్కన బాగా పొద్దుపోయాక మోగుతుంది. అప్పటిదాకా ఆమె చాట దగ్గరే మేలుకుని ఉంటారు.

జంట దృశ్యాలు వద్దనుకున్నాము, నిడివి తగ్గించడం లేదు. బావామరదళ్ల పాటలకు మాత్రం ఆ వీడియోగ్రాఫరు చెప్పినట్టే తీస్తాము, అందుకు ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఒక సందేహం మిగిలింది. తెర మీద తెలుగు మాటలు వేస్తే ఆమె ముఖం నుంచి చూపు మళ్లుతుందేమో? మాటలు మా ప్రాంతపు యాసలో ఉన్నాయి, వేయకపోతే బయటివారికి కొన్ని అర్థం కావు.

సమాధానం: ఎడిటింగ్ బల్ల, హైదరాబాద్

మీ సందేహం సరైనదే. ఏడు నిమిషాలు మాటలు వస్తూ పోతూ ఉంటే ఆమెను ఎవరూ చూడరు. ఈ పాటకు కదిలే అక్షరాలు వద్దు. మొదటి వరుస మాత్రం తెలుగులో, ఎడమవైపు కింద, నిశ్చలంగా వేయండి, అది చెరిగిపోయిన తర్వాత మళ్లీ వేయకండి. పూర్తి పాటను వీడియో కింద వివరణలో, యాస మాటలకు అర్థాలతో సహా పెట్టండి. రాసినవారి పేరు, పాడిన ఆమె పేరు అక్కడే మొదటి వరుసలో ఉండాలి.

ఆ అట్టపెట్టె గురించి చదివిన దగ్గర నుంచి నాకు వేరే ఆరంభం తట్టడం లేదు. పాట మొదలవడానికి ముందు కొన్ని సెకన్లు ఆ పెట్టె మీది పేరు, దానిలోంచి ఆకు తీసే చేయి, కత్తెర చప్పుడు ఉండాలి, ముఖం ఆ తర్వాత. థంబ్‌నెయిల్‌కు కూడా ఆ చాటనూ చేతులనూ పెట్టండి. వీలైతే రాత్రిపూట, ఫోను మోగే సమయానికి ముందు, ఇంట్లో వెలిగే బల్బు వెలుతురులోనే తీయండి. వెలుతురు చాలకపోతే కెమెరాను ఆమెకు దగ్గరగా జరపండి, దీపాలు పెంచవద్దు.

సమాధానం: ఓరుగల్లు శ్రోత

ఇంకొక్కటి చెప్పి విరమిస్తాను. తీసేటప్పుడు ముందే రికార్డు చేసిన పాటను స్పీకరులో పెట్టి, దానికి తగ్గట్టు పెదవులు కదపమని ఆమెను అడగకండి. ఆమెను మళ్లీ పాడనివ్వండి. స్టూడియోలో పాడినదానికీ దీనికీ తేడా వస్తే, ఆ రాత్రి పాడినదే వాడుకోండి.